ఎంటర్ కొడితే ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. ఆండర్సన్ వీధిలో ఒక కాగితం టోకు దుకాణంలో లెక్కలు రాస్తాను. మాది నెల్లూరు జిల్లా, చెన్నై వచ్చి స్థిరపడి చాలా కాలమైంది. మా కొట్టులో ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించిన డాస్ (విండోస్‌కు ముందు నాటి) ప్రోగ్రామ్ ఉండేది. దానిలో తెర వంక చూడకుండా బిల్లు కొట్టేవాణ్ణి. పాత కంప్యూటర్ మూలపడ్డాక యజమానిగారి అబ్బాయి కొత్తది కొన్నాడు. అందులో పాత ప్రోగ్రామ్ నడవదని మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో వేరేది చేయించారు. తెర నిండా రంగుల బొమ్మలే. ఎంటర్ కొడితే ఒకచోట పక్క గడిలోకి వెళ్తుంది, ఇంకోచోట అదే గడిలో కింది వరుసకు దిగుతుంది. గడిలోకి వెళ్లి ఒక్క అక్షరం తాకితే అంతకుముందున్న పార్టీ పేరంతా మాయం. అలవాటు కొద్దీ కంట్రోల్ డబ్ల్యూ నొక్కితే ఫారమే మూసుకుపోతోంది, బిల్లు నిలిచిందో లేదో తెలియడం లేదు. మొన్న ఒక బిల్లు డిలీట్ చేసి, పాతదానిలో లాగా వెనక్కి తెద్దామని చూస్తే దాని జాడే లేదు. ఆ అబ్బాయి "మౌస్ అలవాటు చేసుకోండి అంకుల్" అంటున్నాడు. నాకు అరవై దగ్గర పడుతున్నాయి. పాతదాన్నే నడుపుకునే దారి ఏదైనా ఉందా? లేక ఉద్యోగం మానుకోమంటారా?
– ఒక పాఠకుడు, షావుకారుపేట

జవాబు: మానుకోకండి. వయసు సంగతి అసలు ఎత్తకండి. మీరు రాసిన ఇబ్బందుల్లో చాలావరకు అమరికలు మార్చుకుంటే పోయేవే. డిలీట్ ఒక్కటి మాత్రం నిజంగానే వేరే పద్ధతి. బొత్తాలు చోటు మారితే కొన్నాళ్లు చికాకుగా ఉంటుంది, అంతే. మీరు కొట్టినది డిస్కు మీదికి ఎప్పుడు వెళ్తుంది, పోయినది తిరిగి వస్తుందా రాదా అన్నవే లెక్కలు రాసేవారు పట్టించుకోవలసిన విషయాలు. నేను ఎక్కువసేపు వాటి దగ్గరే ఆగుతాను.

ముందు పాతదాని మాట. ఫాక్స్‌ప్రోను తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థను మైక్రోసాఫ్ట్ 1992లో కొనేసింది. ఆ వంశంలో చివరిది విజువల్ ఫాక్స్‌ప్రో 9, అది 2004లో వచ్చింది. ఇక కొత్తది తేబోమని 2007లో ప్రకటించి, 2015 జనవరితో మద్దతు కూడా ఆపేశారు. మీ డాస్ ప్రోగ్రామ్ కొత్త కంప్యూటర్‌లో నడవదన్న మాట నిజమే. 64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాములను నడిపే భాగం లేదు, విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత తెరను లేపవచ్చు. కాని అది పాత ఆటల కోసం పుట్టింది, ప్రింటర్‌తో దానికి చుట్టరికం తక్కువ. పాత సంవత్సరాల లెక్క వెతికి చూసుకోవడానికి ఉంచుకోండి. రోజూ బిల్లులు కొట్టడానికి దాన్ని నమ్ముకోవద్దు.

ఇక ఎంటర్. మీ పాత ప్రోగ్రామ్‌లో చాలాసార్లు మీరు ఎంటర్ కొట్టి కూడా ఉండరు. గడి నిండగానే 'కీ'మని శబ్దం వచ్చి, కర్సర్ దానంతటదే పక్క గడిలోకి దూకేది. ఫాక్స్‌ప్రోకు అది పుట్టుకతో వచ్చిన గుణం. మీ వేళ్లు ఆ శబ్దానికి అలవాటు పడ్డాయి. యాక్సెస్‌లో దాదాపు ఇదే పని చేసే 'ఆటో టాబ్' అనే గుణం ఉంది. అయితే ఆ గడికి 'ఇన్‌పుట్ మాస్క్', అంటే ఎన్ని అక్షరాలు, ఎలాంటివి అన్న కొలత ఇచ్చి ఉంటేనే అది పనిచేస్తుంది. జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు), తేదీ, బిల్లు నంబరు వంటి కచ్చితమైన కొలత ఉన్న గడులకు పెట్టించండి. పార్టీ పేరుకు అక్కర్లేదు.

ఎంటర్ కొడితే కింది వరుసకు దిగే గడి ఉందన్నారు. దానికి 'ఎంటర్ కీ బిహేవియర్' అనే గుణాన్ని 'కొత్త వరుస' అని పెట్టి ఉంటారు. చిరునామా రాసే గడికి అది సబబే. మిగతా గడుల్లో తీసేయించండి, రెండు నిమిషాల పని. ఎంటర్ కొడితే గడులు ఏ వరుసలో రావాలన్నది కూడా డిజైన్‌లో 'టాబ్ ఆర్డర్' అనే చోట ఉంటుంది. చాలామంది ప్రోగ్రామర్లు గడులను తెర మీద అందంగా సర్ది, ఈ వరుస సంగతి మరిచిపోతారు. వాళ్లు మౌస్‌తో పరీక్షిస్తారు కాబట్టి లోపం వాళ్ల కంటపడదు. మీరు పార్టీ పేరు, కాగితం రకం, సైజు, రీములు, ధర అన్న క్రమంలో బిల్లు పుస్తకం చూసి కొడతారు కదా, ఆ క్రమాన్ని ఒక కాగితం మీద రాసి మీ ప్రోగ్రామర్ చేతికివ్వండి. నోటితో చెబితే మరిచిపోతారు.

అక్షరం తాకగానే పేరు మాయమయ్యేది ప్రమాదకరమైనది, దాన్ని ఇవాళే మార్చండి. యాక్సెస్ గడిలోకి అడుగు పెట్టగానే అందులో ఉన్నదంతా ఎంపికై ఉంటుంది. ఆ సమయంలో ఏ కీ తగిలినా పాతది పోయి కొత్త అక్షరం కూర్చుంటుంది. పాతదానిలో కర్సర్ మొదటి అక్షరం దగ్గర బుద్ధిగా నిలబడేది. ఫైల్, ఆప్షన్స్, క్లయింట్ సెట్టింగ్స్ అన్న చోటికి వెళ్తే 'గడిలోకి వెళ్లినప్పుడు ఏం చేయాలి' అన్న భావంతో ఒక అమరిక ఉంటుంది. దాన్ని 'గడి మొదటికి' అని మార్చండి. ఎంటర్ తర్వాత ఎటు వెళ్లాలో, బాణం కీలు పక్క అక్షరానికి వెళ్లాలో పక్క గడికి వెళ్లాలో కూడా అక్కడే ఉంది. ఒక మాట గుర్తుంచుకోండి: ఈ అమరికలు ఆ ఒక్క కంప్యూటర్‌కే వర్తిస్తాయి. పక్క బల్ల మీది కంప్యూటర్‌లో మళ్లీ విడిగా పెట్టాలి. లేకపోతే మీరు ఒకరోజు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు పార్టీల పేర్లు మళ్లీ మాయమవుతాయి.

పొరపాటున చెరిపేస్తే కంగారుపడి ఫారం మూయకండి. ఎస్కేప్ కీ ఒకసారి నొక్కితే ఆ గడిలో చేసిన మార్పు పోయి పాతది వస్తుంది. రెండోసారి నొక్కితే ఆ బిల్లు మొత్తంలో ఇంకా డిస్కుకు చేరని మార్పులన్నీ రద్దవుతాయి. 'చేరని' అన్న మాట ముఖ్యం.

ఎందుకంటే యాక్సెస్ "సేవ్ చేయమంటారా?" అని అడగదు. మీరు తర్వాతి రికార్డుకు, అంటే ఇంకో బిల్లుకు, వెళ్లగానే ముందుదాన్ని డిస్కు మీద రాసేస్తుంది. ఫారం మూసినా రాసే మూస్తుంది. కాబట్టి మీ కంట్రోల్ డబ్ల్యూ వల్ల బిల్లులు పోలేదు. ఫాక్స్‌ప్రోలోనూ, దానికి పూర్వీకుడైన డీబేస్‌లోనూ ఆ కీ 'దాచి బయటికి రా' అన్న ఆజ్ఞ, ఇక్కడ 'మూసెయ్' అన్న ఆజ్ఞ. ఫలితం మాత్రం ఒకటే. బయటికి రాకుండా అక్కడే ఉండి రాయించాలంటే షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కండి. రాసిందో లేదో చూసుకోవడానికి రికార్డుకు ఎడమ పక్కన సన్నటి పట్టీ ఉంటుంది. అందులో పెన్సిల్ బొమ్మ ఉన్నంతసేపూ రాయలేదని అర్థం. పెన్సిల్ పోతే రాసినట్టే. మీ ప్రోగ్రామర్ ఆ పట్టీని బాగోలేదని తీసేసి ఉంటే తిరిగి పెట్టించండి. అందం కోసం ఆ పెన్సిల్‌ను దాచేవారంటే నాకు ఒళ్లుమంట.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫారం మీద 'మూసివేయి' అని ఆయన ప్రత్యేకంగా బొత్తం పెట్టి ఉంటే, దాని వెనక ఏం రాశారో అడగండి. తప్పనిసరిగా నింపవలసిన గడి ఖాళీగా ఉండి రికార్డు రాయడం కుదరనప్పుడు, అలాంటి బొత్తం ఏమీ చెప్పకుండా ఆ బిల్లును వదిలేసి ఫారం మూసే అవకాశం ఉంది. ముందు రికార్డు రాయించి, ఆ తర్వాతే మూసేలా రెండు అంచెలుగా పెట్టమనండి. అప్పుడు లోపం ఉంటే కనీసం సందేశం వస్తుంది.

ఇప్పుడు డిలీట్. త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కు దగ్గర సాయంత్రం తరగతుల్లో నేను డీబేస్ చెప్పే రోజుల్లో, పిల్లలు మొదట ఆశ్చర్యపోయేది దీనికే. డిలీట్ అని ఆజ్ఞ ఇస్తే రికార్డు ఎక్కడికీ పోదు. ప్రతి రికార్డుకూ మొదట ఒక అక్షరం చోటు ఉంటుంది, మామూలుగా అది ఖాళీ. డిలీట్ అంటే అక్కడ ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. 'రీకాల్' అంటే ఆ నక్షత్రం చెరిగిపోతుంది. 'ప్యాక్' అన్నప్పుడే గుర్తు పడినవన్నీ నిజంగా పోతాయి. ఫాక్స్‌ప్రో కూడా అదే పద్ధతి. మీరు ఇన్నేళ్లూ ధైర్యంగా డిలీట్ కొట్టింది ఆ నక్షత్రం అండతోనే. యాక్సెస్‌లో ఆ దయ లేదు. "ఒక రికార్డు తొలగించబోతున్నారు, వెనక్కి రాదు" అని ఒకసారి హెచ్చరిస్తుంది. అవునంటే పోయినట్టే. ఆ హెచ్చరికను కూడా ఆప్షన్స్‌లో ఆపేయవచ్చు. మీకు అది కనిపించలేదంటే ఎవరో ఆపేశారన్నమాట. ముందు దాన్ని తిరిగి పెట్టించండి.

అంతకంటే మంచి ఉపాయం: బిల్లుల పట్టికలో 'రద్దు' అని అవును, కాదు రకం గడి ఒకటి చేర్పించండి. ఫారంలో 'తొలగింపులకు అనుమతి' అనే గుణాన్ని 'వద్దు' అని పెట్టించండి. బిల్లు వద్దనుకుంటే 'రద్దు' గడిలో టిక్ పడుతుంది, మామూలు తెర మీద ఆ బిల్లు కనిపించదు, కావాలంటే టిక్ తీసేయవచ్చు. ఆడిటర్ వచ్చి నడుమ ఈ నంబరు బిల్లు ఏమైందని అడిగితే చూపించడానికీ ఉంటుంది. అమ్మకాల మొత్తం వేసే రిపోర్టుల్లో రద్దైనవి కలవకుండా చూడమని కూడా చెప్పండి, అక్కడ మరిచిపోతే మొత్తాలు ఉబ్బుతాయి. మొన్న పోయిన బిల్లు మాత్రం ముందురోజు తీసిన నకలు ఫైలు ఉంటే అందులో నుంచి తెచ్చుకోవాలి, లేదా కార్బన్ కాపీ చూసి మళ్లీ కొట్టాలి.

మీరు అడగలేదు గాని, తేదీ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. యాక్సెస్ తేదీని విండోస్ ప్రాంతీయ అమరికను బట్టి అర్థం చేసుకుంటుంది. కొత్త కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే, ఆర్థిక సంవత్సరం మొదటి రోజని మీరు 01/04 అని కొట్టినది జనవరి 4గా లోపలికి వెళ్తుంది. 13/04 కొడితే మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని ఏప్రిల్ 13గానే తీసుకుంటుంది, ఒక్క మాట కూడా అనకుండా. అంటే నెలలో పన్నెండో తేదీ దాకా తప్పు, ఆ తర్వాత ఒప్పు. పైపైన చూస్తే ఎవరికీ అనుమానం రాదు. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాంతీయ పద్ధతి 'ఇంగ్లీష్ (ఇండియా)' అని ఉందో లేదో ఈ పత్రిక కింద పెట్టగానే చూడండి. తెర మీద తేదీని నెల పేరుతో, 01-ఏప్రిల్ అన్నట్టు చూపించమనండి. అప్పుడు మీ కన్నే పట్టేస్తుంది.

మౌస్ గురించి. ఆ అబ్బాయి మాట వినకండి. బిల్లు కొట్టేవాడి చేయి కీబోర్డు మీద నుంచి లేచిందంటే వేగం పోయినట్టే. యాక్సెస్‌లో మీకు పనికొచ్చే కీలు ఉన్నాయి, పాతదానిలో లేని సుఖం కూడా ఒకటి ఉంది. కంట్రోల్ పట్టుకుని, ఎంటర్ పక్కనున్న అపాస్ట్రఫీ కీ నొక్కితే పై రికార్డులో అదే గడిలో ఏముందో అది ఇక్కడికి వచ్చేస్తుంది. ఒకే పార్టీకి ఒకే జీఎస్‌ఎం కాగితం వేర్వేరు సైజుల్లో వరుసగా ఎక్కించేటప్పుడు మీరే నాకు దండం పెడతారు. కంట్రోల్, సెమికోలన్ కలిపితే ఇవాళ్టి తేదీ పడుతుంది. పార్టీల జాబితా ఎఫ్4తో తెరుచుకుంటుంది, మొదటి రెండు మూడు అక్షరాలు కొడితే పేరు దానంతటదే నిండుతుంది.

పాత ఎఫ్ కీలు కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు. 'ఆటోకీస్' అన్న పేరుతో ఒక మాక్రో, అంటే వరుస ఆజ్ఞల జాబితా, రాస్తే ఏ కీకి ఏ పని కావాలంటే ఆ పని అప్పగించవచ్చు. పాతదానిలో ఎఫ్3 కొత్త బిల్లు, ఎఫ్9 ప్రింట్ అయితే ఇక్కడా అలాగే పెట్టించండి. దానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. కుర్చీలో కూర్చుని, కీబోర్డు కట్టేసి ఉన్నా సరే, ఒక బిల్లు కొడుతున్నట్టు వేళ్లు ఆడించి ఏ కీ తర్వాత ఏ కీ నొక్కుతున్నారో కాగితం మీద పెట్టండి. అడిగితే గుర్తురాదు, వేళ్లకే తెలుసు. పైన ఉన్న రంగుల పట్టీ, అదే రిబ్బన్, యాక్సెస్‌లోకి 2007 కూర్పుతో వచ్చింది. కంట్రోల్ ఎఫ్1తో దాన్ని ముడిచేయవచ్చు. ఎడమ పక్కనున్న జాబితాను ఎఫ్11తో దాచేయవచ్చు. అప్పుడు తెర మీద మీ బిల్లు ఒక్కటే మిగులుతుంది.

చివరగా యజమానిగారికి ఒక మాట చెప్పండి. పాత సమాచారం కొత్తదానిలోకి ఎక్కించేటప్పుడు పాత ఫైలు నకలు మీద ముందు ప్యాక్ చేయించారా? చేయకపోతే నక్షత్రం పడిన బిల్లులు లేచి వచ్చి కూర్చున్నాయేమో చూడాలి. ఒక్కో సంవత్సరానికి ఎన్ని బిల్లులు, మొత్తం ఎంత అన్న రెండు అంకెలు పాతదానిలో, కొత్తదానిలో తీసి పక్కపక్కన పెట్టండి. అవి కలిసేదాకా పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇవ్వవద్దు.

ప్రశ్న: మేము పెరంబూరులో చిన్న తెలుగు గ్రంథాలయం నడుపుతున్నాం. పుస్తకాల జాబితాను ఒకప్పుడు ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం)లో పనిచేసిన పెద్దాయన ఒకరు డాస్ కంప్యూటర్‌లో తెలుగులోనే ఎక్కించారు. ఆ ఫైలును కొత్త ప్రోగ్రామ్‌లో తెరిస్తే సంఖ్యలు, ఇంగ్లీషు బాగానే ఉన్నాయి, తెలుగు పేర్ల చోట పిచ్చి గీతలు వస్తున్నాయి. కొన్ని పేర్లు సగంలో తెగిపోయినట్టున్నాయి. జాబితా మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవలసిందేనా?
– గ్రంథాలయ కార్యదర్శి, పెరంబూరు

జవాబు: తొందరపడి కొట్టకండి. ముందు ఆ పెద్దాయన గాని, ఆయనతో పనిచేసినవారు గాని దొరికితే ఒక్క ప్రశ్న వేయండి: కంప్యూటర్ లోపల తెలుగు రాయడానికి పెట్టే జిస్ట్ కార్డు ఉండేదా, లేక తెలుగు ఫాంటు మాత్రమే వాడారా?

జిస్ట్ కార్డు సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ వారిది. అదే వాడి ఉంటే మీ అదృష్టం. అందులో తెలుగు 'ఇస్కీ' అనే సంకేతాల్లో ఉంటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఇప్పుడు అంతా వాడుతున్న యూనికోడ్‌లో మన లిపుల అమరిక కూడా ఇస్కీని అనుసరించి వచ్చిందే. కాబట్టి ఇస్కీ నుంచి యూనికోడ్‌కు దాదాపు అక్షరానికి అక్షరం మార్చవచ్చు. ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రవాడెవరైనా ఒక పూటలో చేసిపెడతాడు.

ఫాంటు మాత్రమే వాడి ఉంటే పని పెరుగుతుంది. అలాంటి ఫాంట్లలో దాచింది అక్షరాలను కాదు, అక్షరాల ముక్కలను. తలకట్టు ఒక సంకేతం, వత్తు ఒక సంకేతం, గుడి ఇంకొకటి. ఒక్కో ఫాంటుకు ఒక్కో లెక్క. ఏ ఫాంటో కచ్చితంగా తెలిస్తే దానికి తగిన మార్పిడి ప్రోగ్రామ్ వెతకాలి. మార్చాక ఒత్తులున్న పేర్లను మనిషి కళ్లతో చూడక తప్పదు.

తెగిపోయిన పేర్లు మార్పిడిలో తెగి ఉండకపోవచ్చు. పాత ఫైలులో ప్రతి గడికీ ముందే కొలత ఇచ్చి ఉంటారు, ముప్పై అంటే ముప్పై స్థానాలే. తెలుగులో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే చాలా స్థానాలు కావాలి. పేరు పొడవైతే తోక అప్పుడే తెగిపోయి ఉంటుంది. అవి ఏ ప్రోగ్రామ్ తెచ్చినా రావు, బీరువా దగ్గరికి వెళ్లి అట్ట చూసి నింపుకోవాలి. ఆ పని చేసేటప్పుడే రచయిత ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అన్నది ఒకేలా పెట్టుకోండి. మీ కమిటీలో దీని మీద గొడవ జరగడం ఖాయం. ఏదో ఒకటి తేల్చుకున్నాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: మేడమ్, పిల్లల కోసం కొన్నేళ్లు ఉద్యోగం మానేసి ఇప్పుడు తరమణిలో ఒక సంస్థలో చేరాను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను తెర మీద నడుపుకోవడానికి అప్పట్లో పీజీఅడ్మిన్ 3 వాడేదాన్ని. ఇప్పుడు అంతా పీజీఅడ్మిన్ 4. ఏదీ ఉన్నచోట లేదు. పాతదే వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: వద్దమ్మా. పాతదాన్ని చూసుకునేవారు ఇప్పుడు లేరు, కొత్త పోస్ట్‌గ్రెస్‌తో దానికి పడదు. 2016లో నాలుగో కూర్పును మొదటి నుంచి వేరే భాషలో రాశారు. సర్వర్ మీద పెట్టి బ్రౌజర్‌లోనూ, సొంత కంప్యూటర్ మీదా ఒకటే నడవాలన్నది ఉద్దేశం. అందుకే ముఖం అంతగా మారింది.

నీ వేళ్లకు తెలిసినవి చాలావరకు అలాగే ఉన్నాయి. ఎఫ్5 క్వెరీని (డేటాబేస్‌కు ఇచ్చే ఆజ్ఞను) నడుపుతుంది, ఎఫ్7 అది ఎలా నడుస్తుందో వివరణ చూపిస్తుంది. క్వెరీలో కొంత భాగాన్ని ఎంపిక చేసి ఎఫ్5 నొక్కితే ఆ భాగమే నడుస్తుంది. ఇది వరమూ, శాపమూ కూడా: ఏ వరుసలు మార్చాలో చెప్పే 'వేర్' ఉన్న వరుసను వదిలేసి ఎంపిక చేశావంటే పట్టిక మొత్తం మారిపోతుంది. అందుకని నడిపే బొత్తం పక్కనున్న చిన్న జాబితాలో 'ఆటో కమిట్' టిక్ తీసెయ్యి. అప్పుడు నువ్వు కమిట్ బొత్తం నొక్కేదాకా మార్పు ఖాయం కాదు, రోల్‌బ్యాక్‌తో వెనక్కి తీసుకోవచ్చు. టిక్ తీశాక మాత్రం మార్పు చేసి భోజనానికి వెళ్లిపోకు. నీ లావాదేవీ తెరిచి ఉన్నంతసేపూ ఆ వరుసలు తాళం వేసి ఉంటాయి, వాటినే మార్చాలనుకున్నవారు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

పట్టికను గడులుగా తెరిచి చేత్తో మార్చినప్పుడు ఎఫ్6 నొక్కితేనే సర్వర్‌కు వెళ్తుంది. పట్టికకు ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే గడి, లేకపోతే అలా మార్చనివ్వదు. ప్రోగ్రామ్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకు, పట్టికను చూడు. నచ్చని కీలను ఫైల్ కింద ప్రిఫరెన్సెస్‌లో మార్చుకోవచ్చు. కాని ఒక నెల ఆగి మార్చు. ఆఫీసులో పక్కవారి కంప్యూటర్ దగ్గర కూర్చోవలసి వచ్చినప్పుడు అందరి కీలు నీకూ తెలిసి ఉండాలి.